అనుభవానికి ఎన్ని పాయింట్లు?

సావనీరుకి వ్యాసం కావాలని యూనియన్ కుర్రాళ్ళు ఇద్దరు మాదాపూర్ దాకా వచ్చారు. టీ తాగుతూ, "సార్, ఆఫీసులో మీరు చేసే పనేమిటి?" అని అడిగారు. ఎంతమంది రాక్షసుల్ని చంపితే వీరుడు ఒక మెట్టు పైకెక్కాలో లెక్కలు కడతానని చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దానికి జీతం కూడా ఇస్తారా సార్?" అన్నాడు ఇద్దర్లో చిన్నవాడు. ఇస్తారు బాబూ. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి ఇదేం పనిరా అని మా నాన్నగారు ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నారు. ఆ పని గురించే రాస్తానని ఒప్పుకున్నాను. నవ్వి ఊరుకునేంత చిన్న విషయం కాదది. ఎందుకో చెప్తాను.

లెక్చరర్లలోనూ పాత విద్యార్థుల్లోనూ ఈ ఆటల మొహం చూడనివారు ఉంటారు గనుక ముందు రెండు ముక్కలు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే, ఆడేవాడు ఒక పాత్ర ధరించి కథలో తిరిగే ఆట. మొదట్లో ఆ పాత్ర ఒట్టి అర్భకుడు. చేతిలో తుప్పు కత్తి, ఒంటిమీద చిరిగిన అంగీ. ఎలకను చంపితే కొన్ని పాయింట్లు, తోడేలును చంపితే మరికొన్ని. ఈ పాయింట్లకు ఎక్స్‌పీరియన్స్ అని పేరు. కుర్రాళ్ళు ముద్దుగా "ఎక్స్‌పీ" అంటారు. అవి ఒక అంకె దాటగానే గంట మోగుతుంది, తెర మెరుస్తుంది, లెవెల్ పెరుగుతుంది. బలం వస్తుంది, కొత్త విద్య వస్తుంది. నిన్న ఎవణ్ణి చూసి పారిపోయాడో వాణ్ణే ఇవాళ ఒక్క దెబ్బకు పడగొడతాడు. ఇంతే. ఇంతోటిదానికి ఎన్ని హాస్టల్ గదుల్లో లైట్లు తెల్లవార్లూ వెలుగుతున్నాయో వార్డెన్‌గార్లను అడగండి.

దీనికి బీజం పడింది కంప్యూటర్లో కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను అచ్చువేశారు. కాగితం, పెన్సిలు, పాచికలు, బల్ల చుట్టూ నలుగురు స్నేహితులు. అంతే సరంజామా. అందులో యోధుడు రెండో లెవెల్ చేరాలంటే 2,000 పాయింట్లు, మూడోదానికి 4,000, నాలుగోదానికి 8,000. తమాషా ఏమిటంటే, అందులో పాయింట్లు ఎక్కువగా వచ్చేది రాక్షసుల్ని చంపినందుకు కాదు, నేలమాళిగలోంచి బంగారం బయటికి తెచ్చినందుకు. ఒక బంగారు నాణేనికి ఒక పాయింటు. దాంతో ఆడేవాళ్ళు తెలివిమీరారు. రాక్షసుడితో కలబడి ప్రాణం మీదికి తెచ్చుకోవడమెందుకు? వాణ్ణి ఎలాగో ఏమార్చి మూట పట్టుకుని బయటపడితే చాలు కదా! తర్వాత వచ్చిన ఆటల్లో చాలావాటిలో ఈ బంగారం సంగతి ఎత్తేసి, చంపినందుకే పాయింట్లు అన్నారు. అంతటితో వీరులంతా కసాయివాళ్ళయ్యారు.

దేనికి పాయింటు పెడితే మనిషి దానివెంటే పోతాడు. ఇది తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. క్లాసులో కూర్చున్నందుకు 75 శాతం అని నిబంధన పెట్టారు, ప్రాక్సీ పుట్టింది. నేర్చుకున్నందుకు పెట్టి ఉంటే? ఏమో, దానికీ ఏదో ఒక ప్రాక్సీ కనిపెట్టి ఉండేవాళ్ళం. మా బ్యాచ్ మీద నాకా నమ్మకం ఉంది.

మనకు మాత్రం ఇలాంటివి లేవా? వైకుంఠపాళి ఉంది. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. కానీ గవ్వలు పడ్డట్టు పోవడమే తప్ప అందులో ఆడేవాడి తెలివితో పనిలేదు. పరమపదం వాకిట్లో పాము నోట్లో పడి కిందికి జారినవాడి ఏడుపు మనలో ఎరగనివారుండరు. అష్టాచెమ్మా వేరు. దాంట్లో చాలా ఇళ్ళల్లో ఒక నియమం పాటిస్తారు: అవతలివాడి కాయను ఒక్కదాన్నైనా చంపనిదే మన కాయ లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదు. ఈ నియమం దగ్గర మా అమ్మమ్మ ఎవర్నీ వదిలేది కాదు, ఇంటికొచ్చిన అల్లుణ్ణి కూడా. అందులో ఎంత ఆలోచన ఉందో ఈ ఉద్యోగంలోకి వచ్చాకగాని నాకు బోధపడలేదు. ఎంతసేపు కూర్చున్నావని అది అడగదు, ఎన్ని చుట్లు తిరిగావని అడగదు. ఫలానా పని చేసి చూపించావా? అయితే లోపలికి రా. అంతే.

ఇక మా లెక్కల సంగతి. సరంజామా అంతా ఒక ఎక్సెల్ షీటు. ఉదాహరణకి, ఎన్నో లెవెల్లో ఉంటే ఆ అంకెను 10తో గుణించినన్ని పాయింట్లు ఒక రాక్షసుడికి ఇద్దాం. ఆ లెవెల్ దాటడానికి, ఆ అంకె వర్గాన్ని 100తో గుణించినన్ని పాయింట్లు కావాలందాం. అప్పుడు మొదటి లెవెల్ దాటడానికి 10 మంది రాక్షసులు చావాలి, పదోది దాటడానికి 100 మంది, ఇరవయ్యోది దాటడానికి 200 మంది. ఒకడికి అర నిమిషం చొప్పున మొదటిది 5 నిమిషాల్లో అయిపోతుంది, ఇరవయ్యోది గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఇరవై లెవెళ్ళూ కలిపి పదిహేడున్నర గంటలు. దసరా సెలవులకు సరిపోయే ఆట.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. వర్గం తీసేసి, మొదటి లెవెల్‌కు 100 పెట్టి, అక్కణ్ణుంచి ప్రతి లెవెల్‌కీ రెట్టింపు అందాం. చదరంగం గళ్ళలో బియ్యపు గింజలు రెట్టింపు చేసుకుంటూ పోసి రాజుగారి గాదెలు ఖాళీ చేసిన కథ మీకు తెలుసు. ఇక్కడా అదే. ఇరవయ్యో లెవెల్ ఒక్కటి దాటడానికి 2,62,144 మంది రాక్షసులు కావాలి. అర నిమిషం చొప్పునే 2,184 గంటలు. తిండీ నిద్రా మానేసి ఆడితే 91 రోజులు, అంటే దాదాపు మన ఒక సెమిస్టరు. మొదటి రెండు మూడు లెవెళ్ళలో ఈ రెండు పద్ధతులకూ తేడా ఆడేవాడికి తెలియనే తెలియదు. తెలిసేసరికి నెల గడిచిపోతుంది. "రూన్‌స్కేప్" అనే ఆటలో ఒక విద్యలో 99వ లెవెల్ చేరాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. అందులో 92వ లెవెల్ చేరినవాడు దాదాపు వచ్చేశాననుకుంటాడు. పాయింట్ల లెక్కన వాడు సరిగ్గా సగం దారిలో ఉన్నాడు!

అంకెలు మాత్రమే కాదు, ఆ అంకెకు పెట్టే పేరు కూడా మా పనే. 2004లో వచ్చిన "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" తయారవుతున్న రోజుల్లో, అదేపనిగా ఆడేవాళ్ళకు కొంతసేపటి తర్వాత పాయింట్లు సగానికి తగ్గించారు, లేచి వెళ్ళి విశ్రాంతి తీసుకుంటారని. పరీక్షగా ఆడుతున్నవాళ్ళు మండిపడ్డారు. డిజైనర్లు ఏం చేశారంటే, లెక్క అలాగే ఉంచి పేరు తిప్పారు. విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి 200 శాతం, అది అయిపోయాక మామూలుగా 100 శాతం. అదే ఆట, అదే సగం. శిక్ష కాస్తా బహుమానమైంది, అందరూ సంతోషించారు. దీన్ని నేను తప్పుపట్టను. ఆడేవాడి మేలుకోరి చేసిన మాయ అది. కాని ఒక్క పేరు మార్పుతో ఇంత పని జరుగుతుందని తెలిశాక, అందరూ దాన్ని మేలుకే వాడతారనుకోవడం అమాయకత్వం.

ఇంకోటి చెప్పి మన ఊరికి వస్తాను. 2006లో వచ్చిన "ఆబ్లివియన్" అనే పెద్ద ఆటలో వీరుడితో పాటు లోకమంతా లెవెల్ పెరిగేటట్టు అమర్చారు. వీరుడు బలపడేకొద్దీ దారిదోపిడీ దొంగలు కూడా బలపడతారు. చివరికి నాలుగు రాళ్ళ కోసం దారికాచే దొంగ కూడా రాజులకే దొరకని ఖరీదైన కవచం తొడుక్కుని ఎదురయ్యేవాడు. మరి వీరుడు ఎదిగినట్టా, ఎదగనట్టా? జనం నవ్వారు, విసుక్కున్నారు. నేను మాత్రం పెద్దగా నవ్వలేకపోయాను. నేను కొండాపూర్‌లో అద్దెకుంటాను. నా జీతం ఒక లెవెల్ పెరిగిన ప్రతిసారీ మా ఓనరుగారి అద్దె కూడా కవచం తొడుక్కుని ఎదురొస్తుంది.

1998లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటినుంచి హైటెక్ సిటీ అంతా ఒక పెద్ద లెవెళ్ళ ఆటగానే పెరిగింది. ట్రైనీ, ఇంజనీరు, సీనియర్, లీడ్, మేనేజర్. ఏడాదికోసారి అప్రైజల్ అనే గంట మోగుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో ఏం రాస్తారో మీరందరూ చూసే ఉంటారు: "అనుభవం 3 నుంచి 5 సంవత్సరాలు". ఏం చేశాడని కాదు, ఎంతసేపు కూర్చున్నాడని. మా అమ్మమ్మ ఈ హెచ్చార్‌వాళ్ళను అష్టాచెమ్మాకు పిలిచి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అసలు విషయం. కొన్నేళ్ళ క్రితం నేనొక కంపెనీలో పనిచేశాను. పేరు అక్కర్లేదు. ఫోన్లో ఉచితంగా ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నాం. మొదటి ఆరు లెవెళ్ళూ నూనె రాసినట్టు జారిపోవాలి, ఏడో లెవెల్ దగ్గర "కొంచెం నొప్పి పెట్టాలి" అన్నారు. నొప్పి అన్న మాట వాళ్ళదే. మీటింగుల్లో మామూలుగా వాడేవాళ్ళు. సరేనని ఏడో లెవెల్లో రాక్షసుడికిచ్చే పాయింట్లు తగ్గించాను, దాటడానికి కావలసినవి పెంచాను, రాక్షసుడి బలం కూడా తెలియకుండా కాస్త పెంచాను. అక్కడ ఇరుక్కున్నవాడికి తెర మీద మెల్లగా ఒక బొత్తాం కనిపిస్తుంది. డబ్బు కడితే పాయింట్లు రెట్టింపు. డబ్బు లేకపోతే ప్రకటనలు చూడాలి. గోడ కట్టమన్నది వాళ్ళు, కట్టిన మేస్త్రీని నేను. బాగా కట్టావని మెచ్చుకున్నారు కూడా.

ఆ ఏడు బతుకమ్మకు సిద్దిపేటలో మా అక్క ఇంటికి వెళ్ళాను. మేనల్లుడికి పదకొండేళ్ళు. మామ చేసిన ఆట అని వీధిలో అందరికీ చెప్పి, తనూ ఆడుతున్నాడు. రాత్రి నా పక్కన పడుకుని ఫోను చూపించాడు. "మామా, ఏడో లెవెల్ల ఇరుక్కున్న. వారం సంది ఆడుతున్న, దాటుతలేదు." కాసేపు ఊరుకుని మళ్ళీ అడిగాడు: "నాకు ఆడొస్తలేదా మామా?"

వాడు ఆడుతుంటే చూశాను. చక్కగా ఆడుతున్నాడు. దెబ్బ ఎప్పుడు తప్పించుకోవాలో, ఎప్పుడు కొట్టాలో నాకంటే బాగా తెలుసు వాడికి. తప్పు వాడి చేతుల్లో లేదు. నా షీటులో ఏడో వరుసలో ఉంది. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నిద్రపో, పొద్దున చూద్దాం" అన్నాను.

వాడు ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టలేదు. అయినా వాడి దగ్గర నేనేదో దొంగిలించాననే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ ఆటల్లో లెవెల్ అనేది ఆడేవాడికి మేమిచ్చే సర్టిఫికెట్ లాంటిది. నువ్వు ఇంత నేర్చుకున్నావు, ఇంత దూరం వచ్చావు అని సంతకం పెట్టి ఇస్తున్నాం. ఆ కాగితం మీద మా అవసరానికి అబద్ధపు అంకె వేస్తే, పిల్లవాడు అంకెను అనుమానించడు. తననే అనుమానించుకుంటాడు. పరీక్ష పేపరు సిలబస్ బయటినుంచి వచ్చినప్పుడు కూడా మన కుర్రాళ్ళలో సగంమంది అనుకునేది అదే కదా, "నేనే సరిగ్గా చదవలేదు" అని.

కంపెనీవాళ్ళ మాటా వినాలి. ఆట ఉచితం, సర్వర్లు ఉచితం కాదు, నా జీతమూ ఉచితం కాదు. నిజమే. దుస్తులు అమ్మండి, కొత్త కథలు అమ్మండి, ఆటనే ధర పెట్టి అమ్మండి. ఆరు లెవెళ్ళు ఊరికే చూపించి, ఏడోది కావాలంటే టిక్కెట్టు కొనుక్కో అని మొహం మీద చెప్పండి, నాకేమీ అభ్యంతరం లేదు. సినిమా హాలువాడు చేసేది అదే. కాని గోడ కట్టి, అది గోడ అని చెప్పకుండా, నీ చేతకానితనం అని నమ్మించి నిచ్చెన అమ్మడం వ్యాపారం కాదు, ఇంకేదో. పందేల ఆటల మీద 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించింది, 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కాని అవి చూసేది పందెం కాసిన డబ్బును. నేను చెప్పే గోడ జోలికి అవి రావు. రావాలని కూడా నేను అనను. ఏ గ్రాఫు ఎక్కడ ఎంత వంగాలో ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చి చూడలేడు. అది షీటు ముందు కూర్చున్నవాడికే తెలియాలి.

వేరే దారి లేదా అంటే, ఉంది. మన హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో "అసుర" అనే ఆట విడుదల చేసింది. అందులో చచ్చినవాడు మళ్ళీ మొదటికి రావలసిందే. నేర్చుకున్న విద్యలు పోతాయి, విద్యల చెట్టు కూడా ప్రతిసారీ కొత్తగా మొలుస్తుంది. వైకుంఠపాళి పాము లాంటిదే, కాని ఒక తేడా ఉంది. పదోసారి మొదలుపెట్టినప్పుడు తెర మీది అంకె మొదటిసారి ఉన్నట్టే ఉంటుంది, ఆడేవాడి చేతులు మాత్రం మొదటిసారివి కావు. అనుభవం అంటే నిఘంటువులో ఉన్న అర్థం అదే అనుకుంటాను. అందరూ ఇలాంటివే ఆడాలని నేననడం లేదు. రాయదుర్గం నుంచి మెట్రోలో నిలబడి ఇంటికి చేరిన రాత్రి నాకు కూడా పాములు లేని నిచ్చెనే కావాలనిపిస్తుంది. నాలుగు ఎలకల్ని చంపి, గంట మోగించుకుని పడుకుంటాను. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇదంతా మీకెందుకంటే, రేపు మీలో కొందరు ఈ పనిలోకే వస్తారు. ఇమేజ్ టవర్ పేరుతో గేముల కోసమూ యానిమేషన్ కోసమూ రాయదుర్గంలో ఒక భవనానికి 2017లోనే శంకుస్థాపన జరిగింది. 2022, 2023, 2024లో దేశమంతటి గేమ్ డెవలపర్ల సదస్సు మన హెచ్‌ఐసీసీలోనే జరిగింది. అక్కడికి వచ్చిన కుర్రాళ్ళు ఎక్కువగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. సాఫ్ట్‌వేర్ ఆరు నెలల్లో వస్తుంది. ముందు గళ్ళ కాగితం, రెండు పాచికలు తీసుకుని హాస్టల్ గదిలో ఒక ఆట తయారుచేయండి. ఐదుగురు స్నేహితులతో ఆడించండి. మీరు మాట్లాడకుండా పక్కన కూర్చుని, ఎవడు ఎక్కడ ఆవలిస్తున్నాడో, ఎక్కడ "నావల్ల కాదు" అంటున్నాడో రాసుకోండి. ఆ రెండో మాట విన్న ప్రతిచోటా, అది వాడి తప్పా మీ లెక్క తప్పా అని చూడండి. నేను ఆ పని సిద్దిపేటలో అర్ధరాత్రి చేశాను, ఆట లక్షల ఫోన్లలోకి వెళ్ళిపోయాక.

ఆ గోడ ఏమైందో కూడా చెప్పాలి కదా. పండగ నుంచి తిరిగివచ్చి తగ్గిద్దామన్నాను. ఆరు వారాలు చర్చలు జరిగాయి. చివరికి దాన్ని ఏడో లెవెల్ నుంచి తొమ్మిదో లెవెల్‌కు జరిపారు. కొన్నాళ్ళకు నేను బయటికి వచ్చేశాను. ధైర్యం అనుకోకండి, ఇంకోచోట ఆఫరు చేతికొచ్చాకే రాజీనామా ఇచ్చాను. మేనల్లుడికి మాత్రం నిజం చెప్పాను. ఏడో లెవెల్‌ను అట్లా కట్టింది నేనేనని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న వేసవి సెలవుల్లో వచ్చాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కల నోటుబుక్కు వెనకాల సొంతంగా ఒక ఆట రాసుకున్నాడు. పన్నెండు లెవెళ్ళు, దేనికెన్ని పాయింట్లో పట్టిక గీశాడు. అన్నీ వరసగా పెరుగుతూ పోయాయి, ఏడో గడిలో మాత్రం సున్నా ఉంది. మర్చిపోయావేమోరా అన్నాను.

"లేదు మామా. అక్కడికొచ్చేసరికి అందరు అలిసిపోతరు. ఊకెనే పోనిద్దామని."